తెగిన పోగు... విరిగిన పిన్ను!

ఆదోని అంటే పత్తి. ఎమ్మిగనూరు అంటే బట్ట. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఈ రెండు ఊళ్లకీ ఉమ్మడి గుణం ఒకటుంది. పాడైన వస్తువును పారేసేముందు ఒకసారి విప్పి చూడటం! మోటారైనా, మగ్గమైనా, మిక్సీ అయినా... ఇప్పుడు ల్యాప్‌టాప్ అయినా సరే. చార్జింగ్ పిన్ను దూర్చే చిన్న జాక్ విరిగితే 'బోర్డు మొత్తం మార్చాలి' అన్న మాట వినిపించే కాలమిది. అలాంటప్పుడు ఓ బల్ల, ఓ స్క్రూడ్రైవరు, కాసింత ఓపిక ఏం చేయగలవో చూడాలంటే ఈ ఊళ్లకు వెళ్లాల్సిందే.

రైలు దిగితే 'రెండో బొంబాయి'

ముంబయి - చెన్నై రైలు మార్గంలో గుంతకల్లు దాటి రాయచూరు వైపు వెళ్తుంటే ముందుగా కిటికీలోంచి గుట్టలు పలకరిస్తాయి. బండరాళ్లను ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. వాటి మీద పాత గోడలు, బురుజుల ఆనవాళ్లు. అదే ఆదోని కోట. తుంగభద్రకు దక్షిణాన విజయనగర రాజులకు అది గట్టి కాపలా. 1565లో తళ్లికోట యుద్ధం తరవాత బీజాపూరు సుల్తానుల చేతికి వెళ్లింది. ఆ కాలంలో ఇక్కడ పాలకుడిగా ఉన్న సిద్ది మసూద్ ఖాన్ అబిసీనియా నుంచి వచ్చిన వంశంవాడు. ఊళ్లోని షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. తరవాత మొగలులు, నిజాం వంశీకులు, 1786లో టిప్పు సుల్తాను, 1800లో ఇంగ్లిషువాళ్లు... ఇన్ని చేతులు మారింది ఈ కోట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది. బజారులో ఓ పావుగంట నిలబడితే చాలు, తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి.

1871లో బొంబాయి నుంచి వచ్చిన పట్టాలూ మద్రాసు నుంచి వచ్చిన పట్టాలూ రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలోనే ఉన్న ఆదోనికి దశ తిరిగింది. నల్లరేగడి నేలల్లో పండిన పత్తి బండ్లెక్కి ఊళ్లోకి రావడం, ఇక్కడి జిన్నింగు మిల్లుల్లో గింజ వేరై, దూది బేళ్లుగా మారి రైలెక్కడం... వ్యాపారం చూసి జనం ఊరిని 'రెండో బొంబాయి' అని పిలుచుకున్నారు. ఇప్పటికీ పంట చేతికొచ్చే రోజుల్లో మార్కెట్ యార్డు చూసి తీరాలి. తెల్లటి కుప్పలు, పక్కనే వేరుశనగ, ఆముదాలు, వాటి మధ్య తలపాగాలు.

పత్తి ఊరు అంటే యంత్రాల ఊరు కూడా. జిన్ను ఆగితే వెనక బండ్లు ఆగుతాయి. బండ్లు ఆగితే రైతు ఆ రాత్రి యార్డులోనే పడుకోవాలి. అందుకే బేరింగు కొట్టేసినా, బెల్టు తెగినా, మోటారు కాలినా ఆ పూటకి ఆ పూటే బాగుచేసే మనిషి కావాలి. కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగితే సీజను అయిపోతుంది! మోటారు వైండింగు దుకాణాలు, లేతు పనివాళ్లు, తూకం యంత్రాలు సరిచేసేవాళ్లు... వీళ్లంతా అలా ఊరికి అవసరమై వచ్చినవాళ్లే. వాళ్ల పక్కన ఒకప్పుడు రేడియో మెకానిక్కు చేరాడు. ఆ తరవాత టీవీ మెకానిక్కు. సెల్‌ఫోన్లు వచ్చాక అవి బాగుచేసే కుర్రాళ్లు. ఇప్పుడు 'ల్యాప్‌టాప్ సర్వీస్' బోర్డు.

'వంచి పట్టుకుంటే ఎక్కుతాంది'

అలాంటి దుకాణంలో రోజూ వినిపించే సంభాషణ దాదాపు ఒకేలా ఉంటుంది.

'చార్జింగ్ ఎక్కడం ల్యాదన్నా.'

'అస్సలు ఎక్కల్యాదా, వైరు కదిలిస్తే ఎక్కుతాందా?'

'ఇట్ల వంచి పట్టుకుంటే ఎక్కుతాంది. ఇడిస్తే పోతాంది.'

అంతే, సగం రోగం తెలిసిపోయినట్టే! ఆ 'వంచి పట్టుకోవడానికి' ఇళ్లలో ఎన్ని ఉపాయాలో. వైరు కింద పుస్తకం పెట్టేవాళ్లు కొందరు, రబ్బరు బ్యాండుతో లాగి కట్టేవాళ్లు కొందరు, టేపు చుట్టేసేవాళ్లు మరికొందరు. కానీ ఆ ఉపాయాలే జబ్బును ముదరబెడతాయి.

ఎందుకో చూడండి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును అడాప్టరు చాలావరకు 19 వోల్టుల దగ్గరికి దించుతుంది. ఓ మామూలు 65 వాట్ల అడాప్టరు మీద '19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు' అని రాసి ఉంటుంది. ఆ కరెంటు ల్యాప్‌టాప్ లోపలికి వెళ్లే ఒకే ఒక్క గుమ్మం ఈ జాక్. బొటనవేలి గోరంత ఉంటుంది. మంచం మీద పెట్టుకుని పనిచేస్తూ పక్కకు తిరిగినప్పుడు, నడిచేవాళ్ల కాలికి వైరు తగిలినప్పుడు పిన్ను గునపంలా పనిచేసి ఆ జాక్‌ను ఓ పక్కకు ఎత్తుతుంది. ఒకసారికి ఏమీ కాదు. వందసార్లు అయ్యాక లోపల టంకం చుట్టూ కంటికి కనిపించని పగులు వస్తుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతుంటే ఎలా తెగుతుందో, అదీ అంతే.

పగులు వచ్చిన చోట లోహం లోహానికి సరిగ్గా ఆనదు. అక్కడ ఒక్క ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. 3.34 ఆంపియర్ల కరెంటు దాని గుండా వెళ్తే పుట్టే వేడి దాదాపు 11 వాట్లు! అంత చిన్నచోట అంత వేడి పుడితే ప్లాస్టిక్కు కరుగుతుంది, పిన్ను నల్లబడుతుంది, కమురు వాసన వస్తుంది. రబ్బరు బ్యాండుతో నెట్టుకొచ్చిన నెల రోజుల్లో జరిగేది ఇదే. మొదట్లో వస్తే జాక్ మాత్రమే మార్చాలి. ఆలస్యంగా వస్తే బోర్డు కూడా కాలి ఉంటుంది.

పని తెలిసిన మెకానిక్కు వెంటనే స్క్రూడ్రైవరు పట్టుకోడు. ముందు మల్టీమీటరు తీసి అడాప్టరు కొసన వోల్టేజీ చూస్తాడు. వైరును నాలుగు వైపులా కదిలిస్తూ మళ్లీ చూస్తాడు. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు... జాక్ బాగానే ఉంటుంది, పిన్ను దగ్గర వైరు లోపల తెగి ఉంటుంది. కొన్ని కంపెనీల పిన్ను మధ్యలో సూదిలాంటి సన్నటి కడ్డీ ఉంటుంది. 'నేను ఫలానా అడాప్టర్ని' అని ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. అది వంగితే ల్యాప్‌టాప్ వెలుగుతుంది కానీ బ్యాటరీ ఎక్కదు. విప్పకుండానే తేలిపోయే రోగాలివి. వీటికి విప్పి డబ్బు తీసుకునేవాడి దగ్గరికి జనం రెండోసారి వెళ్లరు. ఊరు చిన్నది, మాట తొందరగా పాకుతుంది.

విప్పడం ఓ కళ

అడాప్టరు తప్పు కాదని తేలాక అసలు పని మొదలవుతుంది. ముందు చార్జరు పీకేసి, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేస్తారు. పాత మోడళ్లకు బ్యాటరీ వెనక గొళ్లెం జరిపితే ఊడి వస్తుంది. కొత్తవాటికి లోపలే ఉంటుంది కాబట్టి మూత తీయగానే మొట్టమొదట దాని కనెక్టరు తప్పిస్తారు. ఆపైన పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటారు, లోపల మిగిలిన కరెంటు కాస్తా పోవడానికి.

తరవాత స్క్రూలు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఉండవు! కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన చెయ్యి ఆనించే చోట బొడిపె లేస్తుంది, ఒక్కోసారి బోర్డుకే తగులుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఓ అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసుకుంటారు. ఏ మూల తీసిన స్క్రూను ఆ మూల గుచ్చేస్తారు. ఇంకా దాగుడుమూతలాడే స్క్రూలుంటాయి... రబ్బరు కాళ్ల కింద, స్టిక్కర్ల వెనక. అన్నీ తీశాక కూడా మూత రాలేదంటే బలం వాడకూడదు. 'ఇంకోటి ఎక్కడో ఉంది' అని వెతకాలి. ఈ పనిలో మొదటి పాఠం అదే.

మూత అంచుల వెంట ప్లాస్టిక్ కొక్కేలుంటాయి. వాటిని ఊడదీయడానికి పనికిరాని పాత ఏటీఎం కార్డే ఆయుధం. ఓ మూల దూర్చి మెల్లగా జరుపుతూ పోతే 'టిక్ టిక్'మంటూ విడతాయి. కీబోర్డు, టచ్‌ప్యాడ్ నుంచి బోర్డుకు కాగితం రిబ్బనులా పల్చటి పట్టీలు వస్తాయి. వాటిని లాగితే చిరుగుతాయి. కనెక్టరు మీద గోరంత తలుపు ఉంటుంది, దాన్ని పైకెత్తితే పట్టీ తనంతట తానే జారి వస్తుంది. నలుపు, తెలుపు రంగుల్లో ఉండే సన్న తీగలు వైఫైవి. ఏది ఎక్కడుందో ముందే ఫోనుతో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తలనొప్పి ఉండదు.

ఫ్యాను దగ్గరికి వచ్చేసరికి రెక్కల పక్కన దుమ్ము పేరుకుని మెత్తటి దూది పొరలా లేచి వస్తుంది. ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతోందన్న ఇంకో ఫిర్యాదుకు జవాబు అక్కడే దొరుకుతుంది. జాక్ కోసం విప్పినప్పుడే ఫ్యాను శుభ్రం చేయడం, అవసరమైతే ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది పూయడం మంచి మెకానిక్కు లక్షణం.

ఇంత విప్పాక జాక్ కనిపిస్తుంది. అది రెండు రకాలు. ఒకటి, చిన్న వైరు తోకతో ఉండేది. ఆ తోక చివర ప్లగ్గు బోర్డుకు గుచ్చుకుంటుంది. అది అదృష్టం... పాతది పీకి కొత్తది గుచ్చితే పని అయిపోయినట్టే. రెండోది, నేరుగా బోర్డుకే టంకంతో అతికి ఉండేది. చేతివాటం బయటపడేది ఇక్కడే.

టంకం దగ్గర తెలిసే పనితనం

బోర్డుకు అతికిన జాక్‌కు నాలుగైదు కాళ్లుంటాయి. అందులో కొన్ని 'గ్రౌండ్' అనే వెడల్పాటి రాగి పొరకు కలిసి ఉంటాయి. ఆ రాగి పొర సోల్డరింగ్ ఐరన్ వేడిని తాగేస్తుంది. రేడియో బాగుచేసే చిన్న ఐరన్ ఎంతసేపు పెట్టినా టంకం కరగదు. కరగలేదని ఇంకా పెడితే బోర్డు మీది రాగి బిళ్ల లేచిపోతుంది. అది లేచిందంటే వందల్లో అయ్యే పని వేలల్లోకి వెళ్లినట్టే.

పైగా 2006 జులై 1 నుంచి ఐరోపాలో సీసం వాడకం మీద ఆంక్షలు వచ్చాయి. దాంతో కంపెనీలు సీసం లేని టంకానికి మారాయి. సీసం ఉన్న పాత టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, ఈ కొత్తది 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. దీనికి మెకానిక్కుల దగ్గర ఓ చిట్కా ఉంది. ముందు ప్రతి కాలికీ కాస్త ఫ్లక్స్ రాసి, సీసం ఉన్న టంకం కలుపుతారు. రెండూ కలిస్తే కరిగే వేడి తగ్గుతుంది. అప్పుడు వేడిగాలి యంత్రంతోనో, బలమైన ఐరన్‌తోనో ఒక్కో కాలూ వదులుచేసి జాక్‌ను పైకి తీస్తారు. రంధ్రాల్లో మిగిలిన టంకాన్ని రాగి అల్లిక పట్టీతో పీల్చేస్తారు. కొత్త జాక్ నిటారుగా కూర్చోబెట్టి కాళ్లకు టంకం వేస్తారు. మంచి టంకం నున్నగా కాలు చుట్టూ గొడుగులా పరుచుకుంటుంది. ముద్దలా ఉండలు కట్టిందంటే లోపల అతకలేదనే.

అయిపోయింది కదా అని వెంటనే చార్జరు పెట్టకూడదు. ముందు మల్టీమీటరుతో జాక్ లోపలి పిన్నుకూ గ్రౌండుకూ మధ్య షార్టు ఉందేమో చూడాలి. టంకం బొట్టు ఒక్కటి పక్కకు జారినా బోర్డుకు ముప్పు రావచ్చు. మీటరు సరేనన్నాక చార్జరు పెడితే... అంచున చిన్న దీపం వెలుగుతుంది. వంచకుండా, పట్టుకోకుండా, రబ్బరు బ్యాండు లేకుండా! ఎదురుగా కూర్చున్న మనిషి మొహం అప్పుడు చూడాలి. ఇక అట్టముక్క మీది స్క్రూలు ఒక్కొక్కటీ తమ తమ ఇళ్లకు చేరతాయి.

ఆ ఊళ్లో జాక్ దొరక్కపోతే? ఒక్కో మోడల్‌కు ఒక్కో జాక్. ఒకటి గుండ్రంగా, ఒకటి నలుచదరంగా. అన్నీ ఏ దుకాణమూ పెట్టుకోలేదు. మోడల్ నంబరు రాసి బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌కో ఫోన్ చేస్తారు. పార్శిలు వచ్చేదాకా ల్యాప్‌టాప్ అట్టపెట్టెలో నిద్రపోతుంది. ఒక్కోసారి పనికిరాక మూలపడ్డ పాత బోర్డు ఆదుకుంటుంది. అందుకే ఏ మెకానిక్కూ చచ్చిన బోర్డును పారేయడు.

పడుగు పోగు తెగితే మగ్గం పారేస్తారా?

ఆదోని నుంచి సుమారు 30 కిలోమీటర్లు బస్సులో వెళ్తే ఎమ్మిగనూరు. ఈ ఊరికి రైలు లేదు. కానీ ఊరి పేరు మాత్రం దుప్పట్లు, తువ్వాళ్ల మీద ఎక్కి చాలా దూరం తిరిగింది. ఆ ప్రయాణం మొదలుపెట్టింది మాచాని సోమప్ప. 1938లో ఆయన చొరవతో ఇక్కడ చేనేత సహకార సంఘం పుట్టింది. నూలు ఇవ్వడం, నేసిన బట్టకు మార్కెట్ చూపడం సంఘం పని. అప్పటిదాకా షావుకారు దయ మీద బతికిన నేతగాడికి అదో ఆసరా. 1954లో ప్రభుత్వం సోమప్పకు పద్మశ్రీ ఇచ్చింది. ఊరి నడిబొడ్డున సోమప్ప సర్కిల్ ఆ పేరును ఇంకా పలుకుతూనే ఉంది. జనవరి ప్రాంతంలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు వెళ్లినవాళ్లకు రథం, పశువుల సంత, మిఠాయి కొట్లు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

మగ్గాల చప్పుడు మునుపటంత లేదు. అయినా నేత ఇంకా బతికే ఉంది. మగ్గం ముందు కూర్చుని చూస్తే ఆదోని దుకాణంలోని ఆ బల్ల గుర్తుకు రాకమానదు. పడుగులో వందలాది పోగులుంటాయి. నేస్తుండగా ఒక్కటి తెగితే బట్టలో ఆ గీత అలాగే పడిపోతుంది. అందుకే నేతగాడు నాడెను ఆపుతాడు. తెగిన కొసలు రెండూ వెతికి, వేళ్ల మధ్య మెలేసి అతుకుతాడు. మళ్లీ నాడె కదులుతుంది. పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగును పోగు పోగుకూ జతచేసే పని మరీ పెద్దది. గంటల తరబడి కదలకుండా కూర్చుని చేస్తారు. చాలా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే.

ఒక పోగు తెగిందని మగ్గం మార్చాలని ఎవరైనా అంటే ఎమ్మిగనూరులో నవ్వుతారు. ఓ జాక్ విరిగిందని బోర్డంతా మార్చమనడం కూడా అలాంటిదే కదా! అతకడానికి కావలసింది పెద్ద యంత్రం కాదు. ఎక్కడ తెగిందో కనిపెట్టే కన్ను, తొందరపడని చెయ్యి. ఈ ఊళ్లలో అవి కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

సుగ్గి డబ్బులు, కొత్త చదువులు

పశ్చిమ కర్నూలులో 'సుగ్గి' అన్న మాటకు చాలా బరువుంది. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం ప్రాంతాల పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి కొందరు. బెంగళూరులో కట్టడాల పనికి కొందరు. నాలుగు నెలల తరవాత తిరిగొచ్చి అప్పు తీర్చగా మిగిలింది చూసుకుంటారు. అలా మిగిలిన డబ్బుతోనో, వాయిదాల మీదో, సెకండ్‌హ్యాండ్‌లోనో కొన్న ల్యాప్‌టాప్ చదువుకుంటున్న కూతురి చేతికి వస్తుంది. ఇంటికంతా అదొక్కటే ఖరీదైన వస్తువు.

అది ఓ రోజు చార్జింగ్ ఎక్కదు. పరీక్షలో, ఉద్యోగం ఇంటర్వ్యూనో దగ్గర్లోనే ఉంటుంది. 'బోర్డు మార్చాలి' అన్న మాటకు ఆ ఇంట్లో అర్థం ఒకటే: ఇంకో సుగ్గి! 'జాక్ మారిస్తే చాలు' అంటే రెండుమూడు రోజుల కూలి. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా మెకానిక్కు బల్ల మీద తేలుతుంది. గోరంత జాక్ గురించి ఇంత చెప్పుకోవడానికి కారణం అదే.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ సంగతి పట్నం ఉద్యోగులకూ తెలిసొచ్చింది. బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల కుర్రాళ్లు ఆఫీసు ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని సొంతూళ్లకు చేరారు. హాల్లో మంచమే ఆఫీసు. పక్కనుంచి పిల్లలు పరిగెత్తితే వైరు కాళ్లకు తగిలేది. దుకాణాలు మూత, కొరియర్లు బంద్. చార్జింగ్ ఎక్కని ల్యాప్‌టాప్ అంటే సెలవు పెట్టాల్సిన ఉద్యోగం అన్నమాట. చిన్న ఊళ్లో పని తెలిసిన ఓ మనిషి ఉండటం ఎంత ధైర్యమో అప్పుడు అర్థమైంది.

కాలిఫోర్నియా నుంచి ఢిల్లీ దాకా

ఇదేదో చిన్న ఊళ్ల గోల మాత్రమే అనుకోవద్దు. 2003లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కైల్ వీన్స్ అనే ఇంజినీరింగ్ విద్యార్థి ల్యాప్‌టాప్ పాడైంది. ఎలా విప్పాలో చెప్పే పుస్తకం ఎక్కడా దొరకలేదు. స్నేహితుడు ల్యూక్ సోల్స్‌తో కలిసి తామే విప్పుతూ నేర్చుకుని, ఇతరులకూ చెప్పడం మొదలుపెట్టారు. అలా పుట్టిందే 'ఐఫిక్సిట్' సంస్థ. వస్తువును కొన్నవాడికి దాన్ని బాగుచేసుకునే హక్కు కూడా ఉండాలన్న ఉద్యమానికి అది పెద్ద గొంతు అయింది.

ఫ్రాన్సు 2021 జనవరి 1 నుంచి ల్యాప్‌టాప్‌ల వంటి వస్తువులకు 'ఎంత సులువుగా బాగుచేయొచ్చు' అని పదికి మార్కులు వేసి చూపించాలంది. మన దేశంలోనూ 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'బాగుచేసుకునే హక్కు' మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా ప్రారంభమైంది. ఈ హడావుడికి కారణం లేకపోలేదు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పోగేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు.

జాక్ విరగకుండా ఉండే దారులూ వెతికారు. 2006లో యాపిల్ అయస్కాంతంతో అతుక్కునే పిన్ను తెచ్చింది. కాలు తగిలితే వైరు ఊడిపోతుంది తప్ప ల్యాప్‌టాప్ కిందపడదు. జపాన్‌లో వంట పాత్రల వైర్లకు ఆ ఏర్పాటు అంతకుముందే ఉంది... వేడి నూనె మీదపడకుండా! ఇప్పుడు గుండ్రటి పిన్నుల స్థానంలో ఫోన్లకు వాడే టైప్-సి వస్తోంది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకూ, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకూ ఆ రకం చార్జింగ్ ఉండాలని నిబంధన పెట్టింది. ఒక్కో మోడల్‌కు ఒక్కో చార్జరు వెతికే బాధ తప్పుతుంది. కానీ టైప్-సి జాక్‌లో 24 సన్నటి కాళ్లుంటాయి. అది విరిగితే మార్చడానికి భూతద్దం చాలదు, మైక్రోస్కోపు కావాలి. రేడియో నుంచి టీవీకి, టీవీ నుంచి ఫోనుకు మారిన చేతులు ఇప్పుడు దానికీ అలవాటు పడుతున్నాయి.

జాక్ పదికాలాలు ఉండాలంటే...

* పిన్నును నిటారుగా పెట్టాలి, నిటారుగానే తీయాలి. వైరు పట్టుకుని లాగొద్దు.

* చార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్‌ను ఒళ్లో, మంచం మీద అటూ ఇటూ తిప్పొద్దు. నడిచే దారికి అడ్డంగా వైరు వేయొద్దు.

* పిన్ను గుచ్చి ఉంచే సంచీలో పెట్టొద్దు. ఒక్క దెబ్బకే జాక్ విరుగుతుంది.

* పిన్ను దగ్గర వేడి, నలుపు, కమురు వాసన ఉంటే వెంటనే వాడకం ఆపాలి. రబ్బరు బ్యాండు వైద్యం వద్దు.

* బ్యాటరీ ఉబ్బి మూత లేస్తున్నట్టుంటే ఇంట్లో విప్పొద్దు. దానికి గుచ్చుకుంటే మంటలు రావచ్చు.

* వారంటీ ఉంటే ముందు కంపెనీ సర్వీసు సెంటరులోనే అడగాలి. బయట ఇచ్చేటప్పుడు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట దాచుకోవాలి. మార్చిన పాత జాక్‌ను తిరిగి ఇవ్వమని అడగొచ్చు.

ఆదోని కోట చేతులు మారింది. బేళ్లు మోసిన బండ్లు పోయి లారీలు వచ్చాయి. ఎమ్మిగనూరులో మగ్గాలు తగ్గాయి. పోనిది ఒక్కటే... ఆగిపోయినదాన్ని చూస్తే విప్పి చూడాలనిపించే గుణం. సుగ్గికి పోయిన తల్లిదండ్రులు ఊరికి వచ్చేసరికి కూతురి ల్యాప్‌టాప్ దీపం వెలుగుతూ ఉండాలంటే, ఆ గుణం ఉన్న మనిషి ఊరికొక్కడైనా ఉండాలి!